చలి లేని ఊళ్ళో కొండవాళ్ళ వంట

ఇటలీ భోజనం అనగానే మన వైపు పిజ్జా, ఎర్ర సాసు పాస్తా గుర్తొస్తాయి. అవి టమాటా, ఆలివ్ నూనె సమృద్ధిగా దొరికే చోట్ల పుట్టిన వంటలు. అదే దేశానికి ఉత్తరపు అంచు పొడుగునా ఆల్ప్స్ కొండలున్నాయి. పడమట ఫ్రాన్సుని ఆనుకుని ఆవోస్తా లోయ, మధ్యలో లొంబార్డీలోని వాల్తెల్లీనా, తూర్పుకి వెళ్తే త్రెంతీనో, దక్షిణ తిరోల్, డోలమైట్ కొండలు, ఆ చివర కార్నియా. అక్కడ నూనె స్థానంలో వెన్న ఉంటుంది. మొక్కజొన్న, కుట్టు (బక్‌వీట్ గింజలు), రై ధాన్యం, బార్లీ, బంగాళాదుంప, క్యాబేజీ, ఎండిన రొట్టె, చీజ్ కలిస్తే దాదాపు వంటిల్లంతా అయిపోయినట్టే. దక్షిణ తిరోల్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలో కలిసిన ప్రాంతం. ఇప్పటికీ అక్కడ ఎక్కువ ఇళ్ళలో జర్మనే మాట్లాడతారు, కాబట్టి వంటల పేర్లు కూడా రెండేసి ఉంటాయి.

భీమవరం, అమలాపురం, పాలకొల్లు లాంటి ఊళ్ళో ఒక వీధిలో ఇరవై కుర్చీల చిన్న హోటలు పెట్టి ఈ వంట వడ్డించవచ్చా? వడ్డించవచ్చు. ఖర్చుతో కూడిన సరుకు చీజ్ ఒక్కటే, మిగతావన్నీ అందుబాటులో ఉన్నవే. అసలు ఇబ్బంది వాతావరణంతో వస్తుంది. ఈ వంటలో సగం పని చలి చేస్తుంది. అక్కడి చలిగాలికి రొట్టె దానంతటదే ఎండుతుంది, వెన్న గట్టిగా నిలుస్తుంది, చీజ్ రాతి గుహలో నెలల తరబడి మాగుతుంది, పిండి మక్కిపోకుండా ఉంటుంది. రెసిపీల్లో ఈ పనుల గురించి ఒక్క మాట కూడా ఉండదు, ఎందుకంటే అక్కడివాళ్ళకి అది చెప్పాల్సిన సంగతే కాదు. మన దగ్గర ఆ పనులన్నీ ఫ్రిజ్‌తో, ఓవెన్‌తో, చేత్తో మనమే చెయ్యాలి.

పొలెంటాతో మొదలుపెడదాం. మొక్కజొన్న రవ్వని నీళ్ళలో వండిన సంకటి అది. అమెరికా నుంచి మొక్కజొన్న రాకముందు అదే కొండల్లో కుట్టు, చిరుధాన్యాలు, చెస్ట్‌నట్ పిండితో ఇలాగే వండుకునేవారు. మన వైపు చోడి అంబలి కాచినవాళ్ళకి, రాయలసీమ సంకటి చూసినవాళ్ళకి ఇందులో చెయ్యి తిరగడం కష్టం కాదు. తప్పు జరిగేది ముందుగా కిరాణా కొట్లోనే. కార్న్ ఫ్లోర్ అని అడిగితే తెల్లటి మెత్తటి పొడి చేతిలో పెడతారు. అది మొక్కజొన్న గంజి పొడి, మంచూరియా చిక్కబడటానికి వేసేది. దాంతో వండితే జిగురు తయారవుతుంది. ఉత్తరాది రొట్టెల కోసం అమ్మే మక్కీ ఆటా మరీ మెత్తన, దానితో ముద్ద పేస్టులా అవుతుంది. మనకి కావలసింది ఉప్మా రవ్వంత గరుకుగా ఉండే పచ్చటి మొక్కజొన్న రవ్వ. త్రెంతీనోలో స్టోరో అనే ఊరి మొక్కజొన్నకి పేరుంది, ఎర్రగా, గాజుగింజలా గట్టిగా ఉంటుంది. మన దగ్గర నెత్తిమీద నొక్కు పడే మెత్తటి రకం కూడా దొరుకుతుంది, దాంట్లో మెత్తటి గంజి ఎక్కువ. అలాంటి రవ్వతో చేస్తే ముద్ద త్వరగా చిక్కబడుతుంది, గరుకు తగ్గుతుంది. రవ్వ ఇంకొంచెం పెద్దదిగా ఆడించుకుంటే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

మెట్ట ప్రాంతం నుంచి కోళ్ళ ఫారాలకి వెళ్ళే మొక్కజొన్న చవగ్గా వస్తుంది కదా అని దాన్ని మరాడించకండి. తేమ సరిగ్గా ఆరకుండా బస్తాల్లో నిలవున్న గింజకి ఆస్పర్‌జిల్లస్ బూజు పడుతుంది, అందులోంచి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది. అది ఎంతసేపు ఉడికించినా పోదు. మనుషుల తిండికని అమ్మే రవ్వే కొనండి. మొలక భాగం తియ్యని రవ్వలో కొవ్వు ఉంటుంది కాబట్టి మన వేసవిలో రెండు మూడు వారాలకే మక్కు వాసన మొదలవుతుంది. గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

ఆరుగురికి అర కిలో రవ్వ. ముద్దగా నిలవాలంటే రెండు లీటర్ల నీళ్ళు, గరిటెజారుగా కావాలంటే రెండున్నర. లీటరుకి పది గ్రాముల ఉప్పు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళల్లో బోరు నీరు ఉప్పగా ఉంటుంది, అక్కడ ఫిల్టరు నీళ్ళే వాడాలి, లేకపోతే ఎంత ఉప్పు వేశామన్నది అర్థంలేని లెక్క అవుతుంది. నీళ్ళు మరగబోయే ముందు ఉప్పు వేసి, ఎడమ చేత్తో రవ్వని సన్నటి వానలా రాలుస్తూ కుడిచేత్తో తిప్పాలి. ఇటలీ వాళ్ళు కూడా దీన్ని వాన అనే మాటతోనే చెబుతారు. గుప్పెళ్ళతో గుమ్మరిస్తే గుంపుకి బయట ఉన్న రవ్వ వేడికి వెంటనే ఉబ్బి పొరకడుతుంది, లోపలి రవ్వకి నీరు చేరదు. ఉండ కట్టడమంటే ఇదే, తర్వాత ఎంత మెదిపినా దాని మధ్యలో పచ్చిపొడి మిగులుతుంది. చెయ్యి కుదరనివాళ్ళు ఆ రెండు లీటర్లలోనే అర లీటరు చన్నీళ్ళు పక్కన తీసి రవ్వని అందులో కలిపి ఉంచుకుని, మరుగుతున్న మిగతా నీళ్ళలో పొయ్యచ్చు. ఉండలు కట్టవు.

రవ్వ పడ్డాక సెగ బాగా తగ్గించి నలభై నుంచి నలభై అయిదు నిమిషాలు. పదిహేను నిమిషాలకే చిక్కబడిపోయి అయిపోయినట్టు కనిపిస్తుంది, కొత్తవాళ్ళు అక్కడే దింపేస్తారు. నోట్లో వేసుకుంటే పచ్చి వాసన, పంటికింద ఇసుకలా రవ్వ తగులుతుంది. చిక్కబడటం వేరు, ఉడకడం వేరు. ముద్ద గిన్నె అంచుల్ని వదిలి తెడ్డు చుట్టూ తిరుగుతుంటే, నాలుక మీద రవ్వ మెత్తగా విరిగితే అప్పుడు అయినట్టు. చిక్కబడ్డాక బుడగలు పేలి చేతిమీద పడతాయి. నీళ్ళలా జారిపోవు, అంటుకుని కాలుస్తాయి. చేతికి దూరంగా ఉండేలా రెండడుగుల పొడుగు చెక్క తెడ్డు వాడండి.

గిన్నె విషయంలో అక్కడివాళ్ళు కళాయి లేని రాగి పాత్ర వాడతారు, దాని పేరు పాయోలో. రాగి వేడిని సమంగా పంచుతుంది. మన దగ్గర మిఠాయి వాళ్ళు హల్వా కలిపే మందపాటి మూకుడు, లేదా కళాయి వేసిన ఇత్తడి గిన్నె సరిపోతుంది. పలచటి స్టీలు గిన్నెలో అడుగు మాడుతుంది. అడుగున బంగారు రంగు పొర పట్టడం తప్పు కాదు, కొండల్లో దాన్ని పిల్లలకి గీకి పెడతారు. నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం తెడ్డుతో గీకకుండా పైముద్దని వేరే గిన్నెలోకి తీసెయ్యాలి. ప్రెషర్ కుక్కర్లో పెట్టమని కొందరు సలహా ఇస్తారు. ముద్ద ఉబ్బి విజిల్ దగ్గర అడ్డుపడుతుంది, ప్రమాదం. హోటలు వంటింట్లో నా ఓటు ఆవిరికి: పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, దానిమీద రవ్వ గిన్నె పెట్టి, మూత వేసి, పది నిమిషాలకోసారి కలపడం. గంటంబావు పడుతుంది కానీ మనిషి పక్కనే నిలబడక్కర్లేదు, మాడదు. వడ్డన అయ్యేదాకా రెండు గంటలపాటు అదే వేడినీళ్ళ మీద ఉంచవచ్చు. గట్టిపడితే మరిగే నీళ్ళే కలపాలి, చన్నీళ్ళు పోస్తే పలుకులు పలుకులుగా విడిపోతుంది.

రవ్వని ముందురోజే నానబెడితే ఉడికే సమయం సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఆ కొండల్లో గిన్నె బయటే పెట్టి పడుకుంటారు. మన డెల్టాలో ముప్పై డిగ్రీల రాత్రి బయట వదిలితే నాలుగైదు గంటలకే పులుపు ఎక్కుతుంది. ఫ్రిజ్‌లోనే నానాలి.

అర కిలో రవ్వతో వండిన ముద్దలో 300 గ్రాముల ఫొంతీనా చీజ్ ముక్కలు, 100 గ్రాముల వెన్న పొయ్యి ఆపాక కలిపితే ఆవోస్తా లోయలో చేసే పొలెంటా కొన్చా. 300 గ్రాముల మొక్కజొన్న రవ్వకి 200 గ్రాముల కుట్టు పిండి జోడించి వండి, చీజ్ కలిపితే వాల్తెల్లీనా తరాన్యా. రంగు బూడిదగా ఉంటుంది, రుచి లోతుగా ఉంటుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం.

చీజ్ ఖరీదని తగ్గించాలనిపించినప్పుడు ఒక చరిత్ర గుర్తు పెట్టుకోవాలి. పద్ధెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఉత్తర ఇటలీ పల్లెల్లో పేదలు ఉత్త పొలెంటా మీదే బతికి పెల్లాగ్రా జబ్బు బారిన పడ్డారు. ఆ పేరు పెట్టింది మిలాన్ వైద్యుడు ఫ్రాపొల్లి, 1771లో, గరుకు చర్మం అనే అర్థంతో. నియాసిన్ అనే విటమిన్ అందక వచ్చే జబ్బు అది. మొక్కజొన్నలో నియాసిన్ ఒంటికి అందని రూపంలో ఉంటుంది. మెక్సికో వాళ్ళు సున్నపు నీళ్ళలో ఉడికించి దాన్ని విడిపించుకునేవారు. గింజ ఐరోపాకి వచ్చింది, ఆ పద్ధతి రాలేదు. మన దక్కను పీఠభూమిలో జొన్న మీదే బతికిన పేదల్లో ఇదే జబ్బుని హైదరాబాదులోని పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతియా 1960లో వివరించారు. పాలు, చీజ్, గుడ్డు, మాంసం పక్కన ఉన్న కుటుంబాలకి పొలెంటా మంచి తిండే. కాబట్టి పళ్ళెంలో చీజ్‌ని అలంకారం కింద లెక్కపెట్టకండి.

ఇక రొట్టె ఉండలు. ఇటాలియన్‌లో కానెదెర్లి, జర్మన్‌లో క్నోడెల్. బొల్జానో దగ్గర హొఖెప్పాన్ కోట గుడిలో సుమారు 1200 నాటి గోడబొమ్మలో ఒక స్త్రీ ఈ ఉండని తింటూ కనిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ళుగా మారని వంటకి ఆధారం మిగిలిపోయిన రొట్టె. మన దగ్గర చిక్కంతా ఆ రొట్టెతోనే. డెల్టా గాలిలో బ్రెడ్డు ఎండదు, తేమ పట్టి మూడో రోజుకి బూజు పడుతుంది. పైగా మన బేకరీ బ్రెడ్డులో చక్కెర ఎక్కువ, మెత్తదనం ఎక్కువ. దాంతో చేస్తే ఉండ తియ్యగా, బంకగా ఉంటుంది.

బేకరీ వాళ్ళకి ముందురోజు చెప్పి, చక్కెర తగ్గించి ఉప్పు సరిగ్గా వేసిన బన్నులు కాల్పించుకోండి. కాలినవి చల్లారాక సెంటీమీటరు ముక్కలుగా కోసి, మూత లేకుండా పళ్ళెంలో పరిచి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. రొట్టె బిరుసెక్కడమంటే నీరు పోవడం ఒక్కటే కాదు, ఉడికిన గంజి మళ్ళీ గట్టిపడటం. అది బయటకంటే ఫ్రిజ్ చల్లదనంలో చాలా వేగంగా జరుగుతుంది. మరుసటి రోజు వంద డిగ్రీల ఓవెన్లో ముప్పై నలభై నిమిషాలు ఆరబెడితే కొండ రొట్టెకి దగ్గరగా వస్తుంది. రంగు మారకూడదు. ఎర్రబడితే ముక్క పాలు పీల్చుకోదు. వేసవిలో వడియాల్లా ఒక రోజు మేడమీద ఎండలో పెట్టినా చాలు, శ్రావణ భాద్రపదాల్లో మాత్రం ఓవెనే దిక్కు. రస్కులు వాడదామనుకుంటారు, అవి రెండోసారి కాలి గంజి మారిపోయిన తీపి ముక్కలు, ఉండ కట్టవు.

ఎండిన ముక్కలు 250 గ్రాములు, గోరువెచ్చని పాలు 180 మిల్లీలీటర్లు, రెండు గుడ్లు. చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి 25 గ్రాముల వెన్నలో రంగు మారకుండా మగ్గించాలి. పొగబెట్టిన మాంసం 100 గ్రాములు, ఉల్లికాడలు గుప్పెడు, ఉప్పు. ముందు పాలు, గుడ్లు గిలక్కొట్టి ముక్కల మీద పోసి, చేత్తో తిరగెయ్యాలి తప్ప పిసకకూడదు. పిసికితే జిగురొచ్చి ఉండ రబ్బరు బంతవుతుంది. అరగంట మూతపెట్టి ఉంచాక రెండు చెంచాల మైదా చల్లి, తడి చేతులతో 75 గ్రాముల ఉండలు చెయ్యాలి. తొమ్మిది పది వస్తాయి.

అన్నీ ఒకేసారి నీళ్ళలో వెయ్యకండి. ముందు ఒక్కటి. అది విచ్చుకుపోతే మిశ్రమం పలచనైనట్టు, ఇంకో చెంచా మైదా, పది నిమిషాల విరామం. రాయిలా ఉంటే మైదా ఎక్కువైనట్టు, రెండు చెంచాల పాలు. ఈ ఒక్క ఉండ వృథా కాదు, మిగతా తొమ్మిదింటిని కాపాడుతుంది. ఉడికే నీరు గలగలా మరగకూడదు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ, సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే వేడి తగ్గుతుంది. రెండు వేల మీటర్ల ఎత్తున పశువుల మంద దిగే గుడిసెల్లో నీరు 93 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి మరుగుతున్న నీళ్ళలోనే వేసినా ఉండ నిలుస్తుంది. సముద్రమట్టానికి చేతి ఎత్తున ఉన్న మన ఊళ్ళో పూర్తి వంద డిగ్రీలు, పైగా బుడగల కుదుపు. అక్కడక్కడ చిన్న బుడగ లేచే సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచి, ఎముకల చారులో రెండేసి వడ్డించాలి.

పొగబెట్టిన మాంసం అంటే అక్కడ స్పెక్. పంది తొడకి ఉప్పు, మసాలా పట్టించి, చల్లటి పొగ కొద్దిగా పెట్టి, కొండగాలికి దాదాపు 22 వారాలు ఆరబెడతారు. దీన్ని మన దగ్గర పచ్చి మాంసంతో ప్రయత్నించవద్దు. ముప్పై డిగ్రీల వేడిలో, ఈ తేమలో అది ఆరేలోపే కుళ్ళుతుంది, పైకి బాగానే కనిపిస్తూ లోపల ప్రాణాంతకమైన విషం కూడా చేరవచ్చు. కొనండి, లేదా వేడి పొగలో లోపలిదాకా 74 డిగ్రీలు చేరేట్టు ఉడికిన కోడిమాంసం వాడండి. మాంసం లేని పద్ధతి కూడా అక్కడిదే: 300 గ్రాముల పాలకూర ఉడికించి, గుడ్డలో గట్టిగా పిండి, తరిగి కలపడం. అప్పుడు పాలు వంద మిల్లీలీటర్లకి తగ్గించాలి. పాలకూర దొరకని రోజు లేత తోటకూర ఆకు సరిపోతుంది. బచ్చలి వద్దు, జిగురు. పైన కరిగిన వెన్న, తురిమిన గట్టి చీజ్.

పిత్సొక్కెరి అంటే కుట్టు పిండితో చేసే రిబ్బన్ల పాస్తా. దాని గురించి తెలుగులో ఎక్కడా రాసినట్టు లేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వాల్తెల్లీనాలో సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న తేల్యో దీని సొంతూరు. కుట్టు పిండి 400 గ్రాములు, మైదా 100 గ్రాములు, నీళ్ళు 280 మిల్లీలీటర్ల దాకా. గుడ్డు లేదు. కుట్టులో గ్లూటెన్ (గోధుమ పిండిని సాగేలా చేసే జిగురు) ఉండదు, ఆ ఐదో వంతు మైదాయే ముద్దని పట్టుకుంటుంది. అయిదు నిమిషాలు మర్దించి, రెండు మూడు మిల్లీమీటర్ల మందాన వత్తి, ఏడు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి అయిదు మిల్లీమీటర్ల రిబ్బన్లుగా తరగాలి. పేర్చేటప్పుడు మధ్యలో కుట్టు పిండి ధారాళంగా చల్లకపోతే మన తేమకి అతుక్కుపోతాయి. తరిగినవి కుప్ప పోయకుండా పొడి గుడ్డమీద ఒక్క వరసలో పరచండి, గంటలోపు వండండి.

కుట్టు పిండి మన వైపు నవరాత్రి ఉపవాసాల కోసం ఉత్తరాది వాళ్ళ కొట్లకి వస్తుంది. పండగ అయ్యాక మిగిలిన పాత పిండి తక్కువ ధరకి ఇస్తారు, కొనకండి. కుట్టులో కొవ్వు త్వరగా మక్కుతుంది, పాత పిండి తిని జనం ఆసుపత్రి పాలైన ఘటనలు ఉత్తరాదిలో తరచూ జరుగుతున్నాయి. వలిచిన గింజలు కొని కొద్దికొద్దిగా ఆడించుకోవడం మేలు. పిండి మర దగ్గర వరస చూసుకోండి. మీకు ముందు కారం ఆడిన రాయి అయితే ఆ పిండి పనికిరాదు, బియ్యం ఆడిన తర్వాత మీ గింజలు పోయించండి. కుట్టు కొందరికి తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. మెనూలో ఆ మాట రాసి ఉండాలి.

పెద్ద గిన్నెలో ఉప్పునీళ్ళు మరిగాక 250 గ్రాముల బంగాళాదుంప ముక్కలు, 200 గ్రాముల క్యాబేజీ ముక్కలు. అక్కడి ముడతల క్యాబేజీ మెత్తన, మనది గట్టిది, కాబట్టి మధ్య కాడ తీసేసి సన్నగా తరగాలి. అయిదు నిమిషాలకి రిబ్బన్లు వెయ్యాలి. ఎనిమిది నుంచి పది నిమిషాల్లో ఉడుకుతాయి. ఒక చిల్లుల గరిటెతో తీసి వేడి పళ్ళెంలో ఒక పొర, దానిమీద చీజ్ ముక్కలు, గట్టి చీజ్ తురుము, మళ్ళీ పొర. చివర వెల్లుల్లి రెబ్బ వేసి గోధుమ రంగుకి వచ్చిన వెన్న పైనుంచి పొయ్యాలి, మిరియాల పొడి చల్లాలి. కలపకూడదు. కలిపితే చీజంతా ఒక్క ముద్దై అడుగుకి చేరుతుంది.

తేల్యో లెక్కలో నలుగురికి 200 గ్రాముల వెన్న, 250 గ్రాముల కసేరా చీజ్, 150 గ్రాముల గట్టి చీజ్. మన వాతావరణానికి వెన్న 150కి తగ్గించవచ్చు. 120 కంటే తగ్గితే చీజ్ దారాలు పొడిగా గడ్డకడతాయి. ఇక్కడ నెయ్యి వాడకండి. గోధుమ రంగు, ఆ కమ్మటి వాసన వెన్నలోని పాల మడ్డి నుంచి వస్తాయి, నెయ్యిలో దాన్ని ముందే వడకట్టేశాం. ఇంట్లో చిలికిన గేదె వెన్నలో నీరు ఎక్కువ, చిటపటలాడుతుంది. అది ఆగాక ఒక నిమిషంలోనే రంగు మారుతుంది, కాబట్టి చిటపట ఆగిన క్షణం నుంచి కన్ను తిప్పకూడదు.

చీజ్ దగ్గర చాలామంది పనీర్‌తో సరిపెడతారు. పాలు మరిగించి నిమ్మరసంతో విరిచిన చీజ్ ఏదీ కరగదు, వేడికి నీరు వదిలి బిరుసెక్కుతుంది. డబ్బాలో వచ్చే ప్రాసెస్డ్ చీజ్ కరుగుతుంది గానీ అందులోని లవణాల వల్ల సాగకుండా పేస్టులా అవుతుంది, ఉప్పు పెరిగిపోతుంది. రెన్నెట్‌తో, అంటే పాలని గడ్డకట్టించే పదార్థంతో తోడుపెట్టి, కొన్ని వారాలైనా మాగిన చీజే కావాలి. ఫొంతీనా కనీసం 80 రోజులు, కసేరా కనీసం 70 రోజులు మాగుతాయి. దిగుమతి సరుకు అందకపోతే మన దేశంలో తయారయ్యే లేత గౌడా మూడు వంతులకి మాగిన చెడార్ ఒక వంతు కలిపితే కరగడం, రుచి రెండూ దగ్గరకొస్తాయి.

సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్ళకి రెండు హెచ్చరికలు. గేదె పాలలో కేసీన్ అనే ప్రొటీన్, కాల్షియం ఎక్కువ, తోడు త్వరగా, గట్టిగా పడుతుంది. ఆవు పాల లెక్క ప్రకారం రెన్నెట్ వేస్తే చీజ్ పెళుసుగా విరుగుతుంది. సగం ఆవు పాలు కలిపి రెన్నెట్ తగ్గించాలి. రెండోది, మాగడానికి 10 నుంచి 14 డిగ్రీలు, బాగా తేమ కావాలి. ఫొంతీనాని కొండని తొలిచిన సొరంగాల్లో మాగబెడతారు. మన గదిలో కొవ్వు చెమటలా కారుతుంది. మామూలు ఫ్రిజ్ నాలుగు డిగ్రీల్లో మాగడం ఆగిపోయి ఎండిపోతుంది. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌కి బయట థర్మోస్టాట్ బిగించి 12 డిగ్రీల దగ్గర నిలిపి, లోపల నీళ్ళ పళ్ళెం పెడితే చిన్న గుహ తయారవుతుంది.

ఇంకో మాట, ఇది దాచకూడనిది. ఫొంతీనా, పార్మెజాన్ లాంటివి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో చేస్తారు. శాకాహారులకి చెప్పకుండా వడ్డించడం తప్పు. సూక్ష్మజీవుల రెన్నెట్ అని లేబుల్ మీద ఉన్నవే వారి పళ్ళెంలోకి వెళ్ళాలి. ఆ షరతు పాటిస్తే పిత్సొక్కెరి కార్తీకమాసంలో కూడా నడుస్తుంది. గుడ్డు లేదు, వెల్లుల్లి తీసెయ్యచ్చు.

ఇంత వెన్న పక్కన పులుపు ఉండాలి. అక్కడ పులిసిన క్యాబేజీ. తరుగు బరువులో రెండున్నర శాతం ఉప్పు పట్టించి, నీరు ఊరేదాకా నలిపి, జాడీలో నీటి కిందికి అణిచిపెట్టాలి. చలిదేశంలో మూడు నాలుగు వారాలు పట్టేది మన దగ్గర నాలుగైదు రోజుల్లో పులుస్తుంది. అప్పుడే ఫ్రిజ్‌లోకి మార్చకపోతే మెత్తబడి పాచి వాసన వస్తుంది. ఎవరైనా ఆవకాయ అడిగితే పక్కన పెట్టడంలో తప్పు లేదు, ఆ పులుపు చేసే పని కూడా అదే. పొలెంటాలో మిరపకారం కలిపి వండటం మాత్రం నాకు సమ్మతం కాదు, పాల రుచి చచ్చిపోతుంది.

మన అమ్మమ్మలకి వెంటనే అర్థమయ్యే వంట డోలమైట్లలోని కోర్తీనా ఊరిది, కజున్‌త్సియెయ్. గుడ్లతో కలిపిన మైదా ముద్దని పలచగా వత్తి, బీట్‌రూట్ ముద్ద పెట్టి కజ్జికాయల్లా మడిచి ఉడికించి, వెన్నలో వేయించిన గసగసాలు చల్లుతారు. బీట్‌రూట్ ఉడకబెడితే నీరు పట్టి అంచులు విడిపోతాయి, కాల్చి, తురిమి, మూకుట్లో తడి ఆర్చాలి. మైదా మన గాలిలోని తేమని ముందే పీల్చుకుని ఉంటుంది కాబట్టి ముసురు రోజుల్లో చివరి గుడ్డు ఒకేసారి వెయ్యకుండా కొద్దికొద్దిగా కలపండి. ఆపిల్ స్ట్రూడెల్‌కి పిండిని గుడ్డమీద పరిచి, కింద అక్షరాలు కనిపించేంత పలచగా లాగాలి. తాపేశ్వరం కాజా పొరలు వత్తే చేతులకి అది అసాధ్యం కాదు, కానీ లాగేటప్పుడు ఫ్యాను ఆపాలి. గాలికి అంచు ఆరి చిరుగుతుంది.

ఫ్యాను సంగతి వడ్డన గదిలో ఇంకా ముఖ్యం. ఆ కొండ ఇళ్ళల్లో స్టూబె అనే గది ఉంటుంది: గోడలకి చెక్క పలకలు, మూల పెద్ద మట్టి పొయ్యి, ఇంట్లో వెచ్చగా ఉండే చోటు అదే. పళ్ళెంలో వెన్న ఆ వెచ్చదనానికి గడ్డకట్టదు. మన హోటల్లో సరిగ్గా బల్ల మీద సీలింగ్ ఫ్యానో, ఏసీ గాలో ఉంటుంది. పిత్సొక్కెరి వచ్చి మూడు నిమిషాలు కాకముందే చీజ్ బిగుసుకుంటుంది. పింగాణీ పళ్ళాలు 65 డిగ్రీల ఓవెన్లో ఉంచి వేడివేడిగా తీసి వడ్డించండి. గాలి గోడవైపు మళ్ళించండి. మెనూలో ఆరు వంటలకి మించొద్దు, రాత్రి పూట మాత్రమే తెరవండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొలెంటా, కానెదెర్లి బాగా పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో వెన్న వంటలు తగ్గించి బార్లీ చారు, పాలకూర ఉండలు పెట్టుకోవాలి.

వానాకాలం సాయంత్రాలకి మాత్రం ష్యాత్ అనే చీజ్ బజ్జీ ఉంది. కుట్టు పిండి 200, మైదా 100 గ్రాములు, చిటికెడు వంటసోడా, చల్లటి గోళీ సోడాతో బజ్జీ పిండిలా కలిపి గంట ఫ్రిజ్‌లో పెట్టి, రెండు సెంటీమీటర్ల చీజ్ ముక్కలు ముంచి 180 డిగ్రీల నూనెలో వేయించడం. పుణుగుల బండి నడిపేవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. చీజ్ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి, పిండి ముక్కని పూర్తిగా కప్పాలి. ఎక్కడ పలచబడితే అక్కడ చీజ్ బయటికొచ్చి నూనె పాడవుతుంది.

రాత్రి మిగిలిన పొలెంటా వేడిగా ఉండగానే తడి పళ్ళెంలో రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్నకి గట్టిపడుతుంది. అక్కడ కత్తితో కాకుండా దారంతో కోస్తారు, ముక్క అంటుకోకుండా వస్తుంది. పెనం మీద వెన్న వేసి, రెండు పక్కలా ఒక్కోవైపు ఆరేడు నిమిషాలు కదపకుండా కాల్చాలి. తొందరపడి తిప్పితే పొర పెనానికే ఉండిపోతుంది.